తొమ్మిది పాలసీసాలు, ఒక ఉగ్గుగిన్నె

మా వంటగది అల్మరా పై అరలో తొమ్మిది పాలసీసాలున్నాయి. అందులో వాడుకలో ఉన్నది ఒక్కటే. మిగతా ఎనిమిదీ, ఇంజనీరింగ్ చదివినవాడు తండ్రి అయితే ఏమవుతుందో చెప్పడానికి సాక్ష్యంగా అక్కడ కూర్చున్నాయి. వాటిని చూసినప్పుడల్లా మా అమ్మ "ఏందిరా ఇది, దుకాణం పెడ్తున్నవా?" అంటుంది. నా దగ్గర జవాబు లేదు :)

ఈ టపా ఆ సీసాల గురించే. కానీ రాస్తూ రాస్తూ వేరే చోటికి పోతానని ముందే తెలుసు కాబట్టి, ఓపికున్నవాళ్ళే చదవండి. కొత్తగా పెళ్ళైనవాళ్ళూ, పిల్లలు పుట్టబోయేవాళ్ళూ, మరీ ముఖ్యంగా టీమ్ లీడులూ, మేనేజర్లూ అయితే చివరిదాకా చదవండి.

మాది ఓల్డ్ సిటీ, లాల్ దర్వాజా. తాతల కాలం నుంచీ అక్కడే. నేనూ, మా ఆవిడా ఇద్దరం సాఫ్ట్ వేరే, కాకపోతే వేరు వేరు కంపెనీలు. ఇద్దరివీ మాదాపూర్ వైపే. అంటే ఆటోలో ఎంజీబీఎస్, అక్కడ రెడ్ లైను మెట్రో ఎక్కి అమీర్ పేట, అక్కడ మారి బ్లూ లైను. ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు కుర్చీ దాకా గంటా పదిహేను నిమిషాలు, అదీ అన్నీ కలిసొస్తే. పోను రాను రెండున్నర గంటలు, ఆఫీసులో తొమ్మిది గంటలు. మొత్తం మీద మనిషి ఇంట్లో లేకుండా పోయేది పన్నెండు గంటలు. ఈ పన్నెండు అనే అంకె గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికొస్తాను.

మా పాప పుట్టినప్పుడు డాక్టరమ్మ చెప్పింది ఒకటే మాట. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప ఇంకేమీ వద్దు, నీళ్ళు కూడా వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ అదే. ఆరు నెలలంటే 26 వారాలు. మన దేశంలో 2017 లో ప్రసూతి చట్టాన్ని సవరించి సెలవుని 12 వారాల నుంచి 26 వారాలకి పెంచారు. 2025 నవంబరులో అది కొత్త సామాజిక భద్రతా కోడ్ లోకి మారినా అంకె మారలేదు. 26 కి 26, లెక్క సరిపోయిందని నేను సంబరపడ్డాను.

ఇక్కడే ఉంది బగ్. ఆ 26 వారాల్లో ఎనిమిది వారాల దాకా కాన్పుకి ముందే వాడుకోవచ్చు. వాడుకోవచ్చు అంటే అదనంగా కాదు, అందులోంచే. మా ఆవిడకి చివర్లో బీపీ పెరిగి డాక్టరు విశ్రాంతి తీసుకోమంటే ఆరు వారాల ముందే సెలవు పెట్టాల్సొచ్చింది. 26 లోంచి 6 పోతే 20. అంటే పాపకి నాలుగున్నర నెలలు నిండేసరికి సెలవు అయిపోయింది. ఆరు నెలలు తల్లిపాలే అని ఒక డాక్యుమెంటు చెప్తుంది, నాలుగున్నర నెలలకే ఆఫీసుకి రమ్మని ఇంకో డాక్యుమెంటు చెప్తుంది. రెండింటినీ కలిపి టెస్ట్ చేసినవాళ్ళు ఎవరూ లేరు.

ఆ మధ్యలో ఉన్న నెలన్నరనీ పూడ్చాల్సింది పాలసీసా. అదిగో, అక్కడ నేను రంగంలోకి దిగాను.

ఎక్సెల్ షీటు తెరిచాను. నవ్వకండి, మీరూ అదే చేస్తారు. వరసల్లో సీసాలు, నిలువు గళ్ళలో మెటీరియల్, నిపుల్, మూతి వెడల్పు, గ్యాస్ పట్టకుండా ఉండే ఏర్పాటు, కడిగే సౌలభ్యం, ధర. ప్రతి దానికీ ఒక వెయిటేజి. రెండొందల సీసా నుంచి రెండు వేల సీసా దాకా అన్నీ పెట్టాను. పదిహేను రోజులు రాత్రిపూట ఇదే పని. ఆ పదిహేను రోజుల్లో నేర్చుకున్నది ఊరికే పోకూడదు కదా, క్లుప్తంగా చెప్తాను.

మెటీరియల్ సంగతి. ఒకప్పుడు గట్టి పారదర్శక సీసాలన్నీ పాలీకార్బొనేట్ తో చేసేవాళ్ళు. అందులో బిస్ఫినాల్-ఎ, అదే బీపీఏ ఉంటుంది. వేడి తగిలితే కొద్దికొద్దిగా పాలల్లోకి దిగుతుంది. యూరప్ వాళ్ళు 2011 లో, అమెరికా వాళ్ళు 2012 లో పాలసీసాల్లో దాన్ని ఆపేశారు. మన బీఐఎస్ 2015 లో ప్లాస్టిక్ పాలసీసాల ప్రమాణాన్ని (ఐఎస్ 14625) సవరించి దాన్ని పక్కనపెట్టింది. కాబట్టి "బీపీఏ లేదు" అని అట్టపెట్టె మీద పెద్ద అక్షరాల్లో రాసుకోవడం, మా అన్నంలో రాళ్ళు లేవు అని హోటలువాడు బోర్డు పెట్టుకోవడం లాంటిది. ఉండకూడనిది లేదని చెప్పుకోవడం గొప్పేం కాదు. దానికి నేను మొదట్లో ఇరవై మార్కులు వేశాను, తర్వాత తీసేశాను.

ఇంకో తిరకాసు, సీసా అడుగున త్రికోణంలో ఉండే అంకె. 5 ఉంటే పాలీప్రొపిలీన్. 7 ఉంటే ప్రమాదం అని చాలామంది అనుకుంటారు. 7 అంటే "ఇతరములు" అని మాత్రమే. పాత పాలీకార్బొనేటూ అందులోనే, ఇప్పటి ఖరీదైన పీపీఎస్‌యూ కూడా అందులోనే. ఆ అంకె ఒక్కటే చూసి ఏదీ తేల్చలేం.

మరి పాలీప్రొపిలీన్ మంచిదేనా? 2020 అక్టోబరులో డబ్లిన్ ట్రినిటీ కాలేజీ వాళ్ళు నేచర్ ఫుడ్ పత్రికలో ఒక పరిశోధన వేశారు. ఆ సీసాల్లో 70 డిగ్రీల వేడి నీళ్ళు పోసి ఊపితే లీటరుకి 1.62 కోట్ల దాకా సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు వచ్చాయి. ఆ అంకె చూసి ఒక రాత్రి నాకు నిద్రపట్టలేదు. తర్వాత నిదానంగా చదివితే తెలిసింది, అది పాలపొడి కలిపే వేడి. పొడి పాలు కలపడానికి 70 డిగ్రీలకి తగ్గని నీళ్ళు వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తుంది, పొడిలో ఉండగల క్రిములు చావడానికి. పిండిన తల్లిపాలకి అంత వేడి అక్కర్లేదు. గోరువెచ్చని నీళ్ళల్లో గిన్నె పెట్టి చల్లదనం పోగొడితే చాలు. కాబట్టి సీసాని ఉడికించాక చల్లారనిచ్చి, అప్పుడు పాలు పోస్తే ఈ భయం చాలావరకు తగ్గుతుంది. అయినా నా మటుకు నేను గాజుకే మొగ్గు చూపాను. కింద పడితే పగులుతుంది, నిజమే. కానీ నాలుగున్నర నెలల పిల్ల సీసా పట్టుకోదు కదా, పట్టుకునేది మనం.

ఇక నిపుల్. కంపెనీలు "స్లో ఫ్లో", "లెవెల్ వన్" అని రాస్తాయి. ఈ లెవెల్ కి ఎవరి కొలత వాళ్ళదే. ఒకరి లెవెల్ వన్ చుక్కలు చుక్కలుగా పడితే, ఇంకొకరిది నల్లా తిప్పినట్టు వస్తుంది. తల్లి దగ్గర తాగే బిడ్డ కష్టపడి లాగితేనే పాలొస్తాయి, అందుకే నిదానంగా వచ్చేది కావాలి. వయసు పెరిగిందని లెవెల్ పెంచుకుంటూ పోవాలన్న రూలేమీ లేదు. "అచ్చం అమ్మ దగ్గర లాగే" అని రాసినవి నాలుగు కొన్నాను. నాలుగూ నాలుగు రకాలుగా ఉన్నాయి!

సైజు. ఇది నాకు అన్నిటికన్నా పెద్ద పాఠం. పెద్ద సీసా అయితే చాలాకాలం వస్తుందని 300 మి.లీ. వి మూడు కొన్నాను. తర్వాత లెక్క చూస్తే, తల్లిపాలు తాగే పిల్లలు ఒకటో నెల నుంచి ఆరో నెల దాకా రోజుకి సగటున 750 మి.లీ. అటూ ఇటూగా తాగుతారు. పొడి పాలలాగా నెలనెలా పెంచుకుంటూ పోవాల్సిన పని లేదు. అంటే గంటకి సుమారు 30 మి.లీ. మా పన్నెండు గంటలకి 360. మూడు నాలుగు సార్లుగా ఇస్తే ఒక్కోసారికి 90 నుంచి 120. చిన్న సీసా చాలు. పెద్ద సీసా నింపి, మిగిలిందని బలవంతంగా తాగించి, ఆ తర్వాత "తల్లికి పాలు చాలట్లేదు" అనుకునే ఇళ్ళు ఎన్నున్నాయో.

ఇక గ్యాస్ పట్టకుండా అని గొట్టాలూ, వాల్వులూ, రింగులూ ఉన్నవి. ఒకదానికి ఆరు విడి భాగాలు. రోజుకి నాలుగుసార్లు ఆ ఆరింటినీ విప్పి, బ్రష్షుతో తోమి, ఉడికించాలి. మూల ఎక్కువైతే మురికి ఎక్కువ. పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులో పొడుగాటి రబ్బరు గొట్టం ఉన్న పాలసీసాలు తెగ అమ్ముడుపోయాయి, పిల్ల తనంతట తనే తాగుతుంది, తల్లికి తీరిక అని. ఆ గొట్టం లోపల శుభ్రం చెయ్యడం కుదరక ఎందరో పిల్లలు పోయారు. వాటికి హంతక సీసాలని పేరే పడింది. ఫ్రాన్సులో 1910 లో చట్టం చేసి మరీ గొట్టాల సీసాలు ఆపించారు. ఇప్పటివి అంత ఘోరం కాదులెండి. కానీ సూత్రం అదే, ఎన్ని తక్కువ భాగాలుంటే అంత మంచిది. కోడ్ కీ వర్తిస్తుంది, సీసాకీ వర్తిస్తుంది.

ఇక్కడో పిడకల వేట. ఇంత వెతుకుతుంటే ఒక అనుమానం వచ్చింది. సబ్బుకీ, డైపర్ కీ టీవీలో ప్రకటనలు చూస్తాం. పాలసీసాకి ఎప్పుడైనా చూశారా? చూడరు. ఎందుకంటే మన దేశంలో అది నేరం. 1992 లో వచ్చిన చట్టం ఒకటుంది, తల్లిపాల ప్రత్యామ్నాయాలు, పాలసీసాలు, శిశు ఆహారాల మీద. 2003 లో దాన్ని ఇంకా బిగించారు. పాలసీసాకీ, డబ్బాపాలకీ ప్రకటన ఇవ్వకూడదు. ఉచితంగా శాంపిల్స్ పంచకూడదు. డిస్కౌంటు ఎర చూపకూడదు. డబ్బాపాల మీద పాప బొమ్మ వెయ్యకూడదు. ఐఎస్ఐ గుర్తు లేని పాలసీసా అమ్మకూడదు. తప్పు చేస్తే మూడేళ్ళ దాకా జైలు.

ఇంత కఠినంగా ఎందుకు? దానికో చరిత్ర ఉంది. డబ్బాపాల కంపెనీలు పేద దేశాల్లో అమ్మకాలు పెంచుకుంటున్న తీరు మీద 1974 లో ఇంగ్లండులో "ది బేబీ కిల్లర్" అని ఒక చిన్న పుస్తకం వచ్చింది. మంచి నీళ్ళు లేనిచోట, కొనలేక పొడిని పల్చగా కలిపేచోట, అదే సీసా ప్రాణాలు తీస్తోందని. 1977 లో అమెరికాలో నెస్లే వస్తువుల బహిష్కరణ మొదలైంది. 1981 మేలో ప్రపంచ ఆరోగ్య సభ ఒక అంతర్జాతీయ నియమావళి ఆమోదించింది. మన చట్టం దాని బిడ్డే. నాలాంటి వాళ్ళు చట్టం అంటే ట్రాఫిక్ చలానాలే అనుకుంటాం కానీ, మన తల్లిదండ్రుల తరం కొట్లాడి తెచ్చిన మంచి చట్టాల్లో ఇదొకటి.

కానీ నా అభిప్రాయం ఏమిటంటే, ఆ చట్టం రాసినప్పుడు గోడ మీద పోస్టరూ, పత్రికలో ప్రకటనా కళ్ళ ముందున్నాయి. నేను ఒక్క సీసా వెతికితే చాలు, తర్వాత రెండు నెలలు నా ఫోను నన్ను వదల్లేదు. ఇన్ ఫ్లుయెన్సరు అమ్మాయి చేతిలో సీసా, కింద కూపన్ కోడు. అది ప్రకటన కాదట, అనుభవమట! నా ఎక్సెల్ షీటులో సగం అంకెలు అలాంటి అనుభవాల నుంచే వచ్చాయని ఆలస్యంగా గ్రహించాను. డేటా అనుకుని నేను ఎక్కించుకున్నది ప్రకటనల్ని.

సరే, అసలు కథకొద్దాం. సెలవు అయిపోవడానికి మూడు వారాల ముందు, షీటులో మొదటి స్థానం వచ్చిన సీసాలో మా ఆవిడ పిండిన పాలు పోసి, వాళ్ళమ్మ ఒడిలో ఉన్న పాప నోటికి అందించాం. పాప ఒకసారి చప్పరించి, మా ఇద్దరి మొహాలూ చూసి, నాలుకతో బయటికి తోసేసింది. రెండోసారి ఏడ్చింది. మూడోసారి సీసా కనబడగానే ఏడ్చింది. రెండో స్థానం వచ్చిన సీసా తెప్పించాను. మూడు, నాలుగు... అలా అయ్యాయి తొమ్మిది.

ఎనిమిదో సీసాకి నిపుల్ కోసం షాలిబండాలో మెడికల్ షాపుకి పోయాను. ముప్ఫై ఏళ్ళుగా ఆ షాపు నడుపుతున్న పెద్దాయన నా చేతిలో సంచి చూసి, "ఇత్తే సీసే కైకు భాయ్? బచ్చా సీసా నై పీతా, దూద్ పీతా" అన్నాడు. ఇన్ని సీసాలెందుకయ్యా, పిల్ల తాగేది సీసా కాదు, పాలు అని. వ్యాపారం పోగొట్టుకుని మరీ చెప్పిన మాట అది. ఆ రోజు నవ్వుకుని నిపుల్ కొనుక్కునే వచ్చాను.

ఇంటికొచ్చేసరికి అమ్మ బీరువా అడుగు నుంచి ఒక గుడ్డ మూట తీసింది. అందులో వెండి ఉగ్గుగిన్నె. నేను పుట్టినప్పుడు మా అమ్మమ్మ వాళ్ళు గుల్జార్ హౌజ్ దగ్గర కొని పెట్టిందట. "నీళ్ళల్ల మంచిగ మసలబెట్టియ్యి, నేను చూస్త" అంది. నాకు నమ్మకం లేదు. మా ఆవిడకి భయం, పొరబోతుందేమోనని. అమ్మ మంచం మీద దిండు పెట్టుకుని, పాపని నిటారుగా కూర్చోబెట్టుకుని, గిన్నె మొన పెదవికి ఆనించి ఊరుకుంది. పొయ్యలేదు. పాపే నాలుక చాపి చప్పరించింది. గుటక వేసేదాకా ఆగి మళ్ళీ ఆనించింది. ఇరవై అయిదు నిమిషాల్లో 60 మి.లీ. "ఆకలైతే తాగుతది, నువ్వు గబరా పడుడు తప్ప ఏం లేదు" అంది నన్ను చూసి.

మర్నాడు డాక్టరమ్మకి భయం భయంగా చెప్తే ఆవిడ నవ్వింది. బరువు తక్కువగా పుట్టిన పిల్లలకి ఆసుపత్రుల్లో ఇప్పటికీ దాంతోనే పడతారట. తమిళులు పాలాడై అంటారు. ముక్కూ మూలా ఉండదు కాబట్టి కడగడం తేలిక. కాకపోతే గొంతులోకి ఒంపకూడదు, పడుకోబెట్టి పట్టకూడదు, ప్రతిసారీ ఉడికించాలి. అందులో ఆముదం, తేనె, పల్చటి గేదెపాలు మాత్రం వద్దని గట్టిగా చెప్పింది. అమ్మ మొహం కొంచెం చిన్నబోయింది. మరి ఆమె అసలు ప్లాను అందులో సగం అదే :)

ఉగ్గుగిన్నెతో పాటు సీసా కూడా ఒప్పించగలిగాం, మూడు వారాల తర్వాత. ఎలాగో చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. అమ్మ ఇంట్లో ఉన్నంతసేపూ పాప సీసా ముట్టలేదు. అమ్మ వాసన తెలుస్తుంది కదా, ఇదెందుకు? మా ఆవిడ కింద ఇంటికి పోయాక నేను డాబా మీదికి తీసుకెళ్ళేవాణ్ణి, బాగా ఆకలేసే ముందే. ఆకలితో ఏడుస్తున్నప్పుడు కొత్త విద్య నేర్పితే ఎవరు నేర్చుకుంటారు? పాపని నిటారుగా కూర్చోబెట్టుకుని, సీసాని అడ్డంగా పట్టుకుని, నాలుగైదు గుటకలకొకసారి ఆపేవాణ్ణి. అమ్మ ఉగ్గుగిన్నెతో చేసింది ఇదే కదా, ఆగి ఆగి ఇవ్వడం. దీనికి ఇంగ్లీషులో పెద్ద పేరే ఉంది. డాబా మీద పావురాలు చూస్తూ, పక్కింటి ఖాలా చేసే చప్పట్లు వింటూ, ఒక రోజు తాగేసింది. ఏ సీసాతోనో తెలుసా? షీటులో ఆరో స్థానం వచ్చినదానితో. ఐఎస్ఐ గుర్తున్న 120 మి.లీ. మామూలు గాజు సీసా. విడి భాగాలు మూడు. అంటే అది మంచి సీసా అని కాదు, ఆ రోజుకి పాప సిద్ధమైంది, నేనూ పట్టుకోవడం నేర్చుకున్నాను. అంతే.

ఇక్కడితో ఆపేస్తే ఇది సుఖాంతం. కానీ అసలు సంగతి ఇక్కణ్ణుంచే.

మా ఆవిడ ఆఫీసుకి వెళ్ళిన మూడో రోజు రాత్రి తొమ్మిదింటికి ఇంటికొచ్చింది. దుపట్టా ముందుకి కప్పుకుని ఉంది, లోపల బట్టలు తడిసిపోయి. సంచిలో పంపు ఉంది, పాలు లేవు. ఏమైందంటే చెప్పింది. ఆఫీసు మ్యాపులో తల్లుల గది అని ఉందట. వెళ్ళి చూస్తే అందులో విరిగిన కుర్చీలు, పోయినేడాది దీపావళి అలంకరణ సామాను. తాళం అడ్మిన్ అబ్బాయి దగ్గర, అతను లంచ్ కి పోయాడు. మొదటి రెండు రోజులూ బాత్రూములో నిలబడి పిండిందట. బాత్రూములో పిండిన పాలు బిడ్డకెలా పడతానని సింకులో పారబోసిందట. మూడో రోజు మీటింగులు వరసగా ఉండి అదీ కుదరలేదు.

"రేపు రిజైన్ చేస్తా" అంది. ఏడవలేదు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది.

ఆ క్షణంలో నా ఫోనులో ఏముందో చెప్పనా? పదో సీసా కార్టులో ఉంది. కొందామా వద్దా అని చూస్తున్నాను. ఇంటికి కావాల్సిన పరిష్కారం ఒకటైతే, నేను వెతుకుతున్నది ఇంకొకటి. సీసాలోకి పాలు రావాలంటే ముందు ఆ పాలు పిండడానికి రోజుకి రెండుసార్లు ఇరవై నిమిషాలు, లోపలి గడియ ఉన్న గది, ఒక ప్లగ్ పాయింటు, ఒక చిన్న ఫ్రిజ్ కావాలి. ఈ నాలుగింటికీ నా షీటులో గడే లేదు.

బిడ్డకి 15 నెలలు వచ్చేదాకా తల్లికి రోజుకి రెండు విరామాలు ఇవ్వాలని 1961 చట్టంలోనే ఉంది. 2017 సవరణలో, 50 మందికి పైగా ఉన్న సంస్థలో క్రెష్ ఉండాలనీ, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి చూసుకోవచ్చనీ చేర్చారు. కొత్త కోడ్ లోనూ ఇవి ఉన్నాయి. బాగానే ఉంది. కానీ లాల్ దర్వాజా నుంచి రెండు మెట్రోలు మారి పసిపిల్లని మాదాపూర్ క్రెష్ కి తీసుకెళ్ళేవాళ్ళెవరు? దూరాన ఉన్నవాళ్ళకి ఆ రెండు విరామాలూ, ఆ గదే దిక్కు.

ఆ రాత్రి ఇద్దరం కూర్చుని ఒక మెయిల్ రాశాం. కోపం లేకుండా, చట్టం ఏం చెప్తుందో, తనకేం కావాలో నాలుగు వాక్యాల్లో. రెండు రోజుల్లో కుర్చీలు పోయాయి, గడియ వచ్చింది. ఫ్రిజ్ రావడానికి రెండు వారాలు పట్టింది. అంతదాకా ఐస్ ప్యాకులు పెట్టిన డబ్బాలో తెచ్చుకుంది. అలా అయితే 24 గంటల దాకా నిలవుంటాయి. మామూలు గది వేడిలో అయితే నాలుగు గంటలే, మన ఎండాకాలంలో అది కూడా నమ్మకూడదు. ఫ్రిజ్ లో నాలుగు రోజులు. ఒకసారి వెచ్చబెట్టినవి రెండు గంటల్లో తాగించాలి, మిగిలితే పారబొయ్యాలి. ఆ గదిని ఆమె తర్వాత ఇంకో ఇద్దరు వాడుతున్నారట. ఇద్దరూ అంతకుముందు నోరు విప్పనివాళ్ళే.

ఇప్పుడు నా సంగతి. రెండేళ్ళ కింద మా టీములో ఒకావిడ ప్రసూతి సెలవు తర్వాత తిరిగొచ్చింది. రోజూ పదకొండున్నరకి ఒకసారి, మూడున్నరకి ఒకసారి కనపడేది కాదు. స్టాండప్ పదకొండున్నరకే. ఒక రెట్రో మీటింగులో "కొంతమంది స్టాండప్ కి సమయానికి ఉండట్లేదు" అని అన్నది ఎవరో కాదు, నేనే. పేరు చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా. ఆవిడ ఏమీ అనలేదు. మూడు నెలలకి మానేసింది. వ్యక్తిగత కారణాలు అన్నారు. నేను కేకు తిని, కార్డు మీద సంతకం పెట్టాను.

ఆ స్టాండప్ ని పన్నెండింటికి జరిపితే ఏం పోయేది? ఏమీ పోయేది కాదు. మా ఆవిడ తడిసిన బట్టలతో ఇంటికొచ్చిన రాత్రి దాకా నాకు ఆ ఆలోచనే రాలేదు. మర్నాడు మా ఆఫీసులో ఆ గది ఎక్కడుందని అడిగాను. ఐదేళ్ళుగా అక్కడే పనిచేస్తున్నాను, నాకు తెలీదు. మా టీములో ఎవరికీ తెలీదు.

ఒక మాట. ఇదంతా చదివి, సీసా పట్టినవాళ్ళూ, డబ్బాపాలు పోసినవాళ్ళూ తప్పు చేశారని నేనంటున్నానని అనుకోకండి. పాలు రానివాళ్ళుంటారు, మందులు వాడుతున్నవాళ్ళుంటారు, కవలలుంటారు, రోజు కూలీకి పోయేవాళ్ళుంటారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశంలో ఆరు నెలల లోపు పిల్లల్లో తల్లిపాలు మాత్రమే తాగుతున్నవాళ్ళు 63.7 శాతం. మిగతా వాళ్ళ తల్లులందరికీ ప్రేమ తక్కువా? మన నీలోఫర్ ఆసుపత్రిలో 2017 నుంచి తల్లిపాల బ్యాంకు ఉంది, తల్లి దగ్గర పాలు దొరకని పసికందుల కోసం వేరే తల్లులు ఇస్తారు. తల్లి ఒక్కత్తే మోయాల్సిన బరువు కాదని ఆసుపత్రికి అర్థమైంది. అర్థం కావాల్సింది మన ఆఫీసులకి, మన ఇళ్ళకి, నాలాంటి మొగుళ్ళకి.

కాబట్టి సీసా గురించి నన్నడిగితే నేను చెప్పేది ఇంతే:

1. ఐఎస్ఐ గుర్తు చూసి, చిన్నది, తక్కువ భాగాలున్నది, నిదానంగా పాలొచ్చేది ఒకటి కొనండి. ఒప్పుకుంటే ఇంకోటి కొనండి. తొమ్మిది వద్దు.

2. తల్లి దగ్గర తాగడం కుదురుకున్నాక, నెల దాటాక, అప్పుడప్పుడూ అలవాటు చెయ్యండి. మాలాగా చివరి మూడు వారాల దాకా ఆగకండి.

3. సీసా పట్టడం, కడగడం, ఉడికించడం తండ్రి పని. పాలిచ్చే పని ఎలాగూ మనకి రాదు కదా.

4. పెద్దవాళ్ళు చెప్పేవాటిలో ఏది ఉంచుకోవాలో, ఏది వద్దో డాక్టరునడగండి. మొత్తం కొట్టెయ్యకండి. ఉగ్గుగిన్నె మా ఇంట్లో ఇరవై ఎనిమిదేళ్ళు మూటలో ఉంది.

5. సెలవు అయిపోవడానికి నెల ముందే ఆఫీసులో ఆ గది చూసి రండి. తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోండి.

పాపకి ఇప్పుడు ఎనిమిదో నెల. పగలు కొంచెం మెత్తటి అన్నం పప్పు తింటోంది, స్టీలు గ్లాసుతో తాగడం నేర్చుకుంటోంది, సగం ఒంటి మీద పోసుకుంటోంది. నేను ఇంటి నుంచి పనిచేసే రెండు రోజుల్లో మధ్యాహ్నం సీసా నాదే. మిగతా రోజుల్లో నానమ్మా, ఉగ్గుగిన్నే. పెద్ద సీసాల్లో ఒకదాంట్లో అమ్మ ఆముదం పోసుకుంటానంటోంది, మి.లీ. గీతలున్నాయి కదా, కొలుచుకోవడానికి బాగుంటుందట.

ఎక్సెల్ షీటు ఇంకా ఉంది. డిలీట్ చెయ్యలేదు. చివర్లో ఒక గడి చేర్చాను, "ఆఫీసులో గది" అని. వెయిటేజి 90.

మానేసిన ఆ సహోద్యోగికి మొన్న ఒక మెసేజి పెట్టాను, ఆ రోజు నేనన్న మాటకి క్షమాపణ చెప్తూ. జవాబు రాలేదు. రావాలని లేదు కూడా.

మీ ఆఫీసులో ఆ గది ఎక్కడుందో మీకు తెలుసా? రేపు ఒకసారి చూసి రండి.